కిణ్వము – గృహసురాసంధానము

ఆంధ్రదేశమున మద్యపాన చరిత్రమును వ్రాసినవారు సాధారణముగా రెండు త్రోవలనే నడచిరి. ఒకటి ఆబ్కారీ ఆదాయమును లెక్కించుట. రెండవది మద్యనిషేధోద్యమమును వర్ణించుట. ఈ రెంటియందును అంగడి కనబడును గాని యింటి కుండ కనబడదు. ధాన్యమును ఇంటనే పులియబెట్టి పానీయము చేసికొనుట యెట్టిది, అది యెవరి పని, దానిపై గృహస్థునకు గల హక్కు ఏమాయెను అను విషయములను ఇచట విచారింపదలచితిమి. ఇందులకు వడ్లమూడి మొదలు తెనాలి, రేపల్లె, బాపట్లల వఱకు గల సీమను దృష్టియందుంచుకొంటిమి. వరియు, వరికోతల వెనుక మినుమును, గట్లపై తాడియు నొక్కచోట కూడిన సీమ యిది. ఊరి పేరులోనే వడ్లున్నవి గదా యని యెవరైన అనవచ్చును. ఆ వ్యుత్పత్తివిచారము వేఱొక వ్యాసమునకు చెందినది.

గృహసురను గూర్చి స్పష్టముగా పలికిన ప్రాచీనగ్రంథము కౌటిలీయార్థశాస్త్రము. మైసూరున శామశాస్త్రిగారు దానిని 1909లో ప్రకటించిరి. రెండవ యధికరణమున సురాధ్యక్షుని ప్రకరణము కలదు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆఱు విధములను, వాని పాళ్ళను అందు చెప్పిరి. మేదకమునకు ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము. నాలుగు ప్రస్థములు ఆఢకము, నాలుగాఢకములు ద్రోణము గనుక, పదునాఱు పాళ్ళ నీటికి బియ్యము రెండు, కిణ్వము మూడు పాళ్ళగుచున్నవి. బియ్యముకంటె కిణ్వమే యెక్కువ! తోడువలె చిటికెడు వేయునది కాదన్నమాట.

ఇంతకు ఈ కిణ్వమేమి? ద్రోణము మినుపపిండి, పచ్చిదైనను ఉడికినదైనను. దానికి మూడవవంతు అధికముగా బియ్యము. మోరటాది ద్రవ్యములు కర్షము చొప్పున. మినుములు, బియ్యము కలిపి పులియబెట్టుట! తెలుగు ఇల్లాలికి ఈ కూర్పును వివరింపనక్కఱలేదు. దోసెలపిండియు కిణ్వమును ఒక్కటియే యని మేమనుటలేదు. ఆ పిండిని పొంగించునవి ముఖ్యముగా ఆమ్లజనకములగు సూక్ష్మజీవులు. కాని పప్పును బియ్యమును చేర్చి పులియనిచ్చు నేర్పు సురాశాలకును వంటయింటికిని ఉమ్మడిదని మాత్రము చెప్పవచ్చును.

ఇచట లోకవ్యాప్తమగు ఒక భేదమును గమనింపవలెను. ధాన్యములోని పిండిపదార్థము చక్కెరగా మాఱిననే గాని మద్యము పుట్టదు. ఐరోపావారు బార్లీని మొలకెత్తించి ఆ మార్పును సాధించిరి. ఆసియాలో పెక్కుచోట్ల బూజుపట్టిన కిణ్వపుముద్దలచే సాధించిరి. బవేరియాలో 1516లో వెలువడిన ప్రసిద్ధశాసనము బీరునకు బార్లీ, హాప్ పూవులు, నీరు మాత్రమే చాలుననెను. పులియజేయు వస్తువు పేరైన నందు లేదు. దాని తత్త్వము పాశ్చరు 1876లో బీరును గూర్చి వ్రాసిన గ్రంథమువంటి వానివలన తేటపడినది. మన గ్రంథకర్త సూక్ష్మజీవుల నెఱుగడు. అయినను కిణ్వమును ప్రత్యేకద్రవ్యముగా గుర్తించి, దాని తయారీని వేఱుగా చెప్పెను. ఇది సామాన్యవిషయము కాదు.

రుచిభేదములను గూర్చియు అర్థశాస్త్రము ఉపేక్ష వహింపలేదు. పాఠా, లోధ్రము, ఏలకులు, మిరియములు, పిప్పళ్ళు మున్నగువానిని చేర్చు సంభారయోగమును చెప్పినది. మామిడిరసము కలిసిన సహకారసురను పేర్కొన్నది. 'ప్రసన్న' యనగా తేఱినది. నేడు హైదరాబాదు నగరమున చిన్న బీరు కర్మాగారములలో గోధుమబీరనియు నల్లబీరనియు రుచి చూచువారు, ఈ వివేకము క్రొత్తగా దిగుమతియైనదని తలంచుట సరికాదు.

మా విచారమునకు ప్రాణభూతమైన వాక్యములు ఆ ప్రకరణము చివరనున్నవి. కుటుంబులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును చేసికొనవచ్చును. ఉత్సవ, సమాజ, యాత్రలయందు నాలుగు దినములు సురకు అనుమతి. రాజపణ్యము కాని దానిపై నూటికి ఐదు శుల్కము. సురాకిణ్వముల సేకరణమును స్త్రీలును బాలురును చేయవలెనని మఱియొక విధి. ఆదాయమునందు అంత పట్టుదల గల రాజ్యతంత్రము సయితము ఇంటి కుండకు చోటు విడిచినది. ఈ పనిలో స్త్రీల చేతిని గుర్తించినది.

అర్థశాస్త్రమును చూపి వడ్లమూడిలో మేదకము కాచిరనుట సాహసము. ఈ సీమలో మత్తునకు తాడి యుండెను. తాటినీరయందు చక్కెర సిద్ధముగా నున్నది. కుండలో నంటియున్న ఈస్టు కొన్ని గంటలలో దానిని కల్లు చేయును. అది పులియకుండుటకే కుండకు సున్నము పూయుదురు. కిణ్వముతో పనిలేని చోట కిణ్వవిద్య నిలువకుండుట సహజమని మా యభిప్రాయము. వరి కుండ మాత్రము వేఱొక రూపమున నిలిచినది, అదియే తరవాణి. గంజిని, కడుగునీటిని దినదినము చేర్చి పులియనిచ్చిన యీ పానీయమున మత్తు లేదు, పులుపున్నది. కల్లు గీతగాని చేతిది, తరవాణి ఇల్లాలి చేతిది. వరిమద్యమును చూడవలెనన్న గోదావరి కావలి మన్యమునకు పోవలెను. బస్తరు, మల్కనగిరి ప్రాంతములలో దానిని లంద యందురు.

హక్కు పోయిన కథ చిన్నది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టముతో లైసెన్సు లేని తయారీ నేరమైనది. 1937లో సేలమున మొదలైన నిషేధము 1948 నాటికి రాజధాని యంతట వ్యాపించెను. ఆ విషయముననే 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గము ఒక్క వోటుతో పడిపోయెను. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995లో వచ్చిన సంపూర్ణనిషేధము 1997లో సడలెను. ఆ స్త్రీల యాగ్రహము న్యాయమైనది. అది అంగడి సారాపై గాని యింటి కుండపై కాదు. ఇంగ్లండున ఇంట బీరు కాచుకొనుటకు లైసెన్సు అక్కఱ 1963లో తొలగినది. అమెరికాలో 1978 నాటి శాసనము సమ్మతించినది. మన చట్టములలో కౌటిల్యుని నాలుగు దినములకు సాటివచ్చు వాక్యము మాకు కనబడలేదు.

పోయినది పోగా మాటలు మిగిలినవి. అమరకోశము శూద్రవర్గమున కిణ్వము, నగ్నహువు, మేదకము, జగలము, సురామండము అను పదములు గలవు. వీథిబడి పిల్లలు వానిని వల్లించిరి. నేడు పాఠ్యపుస్తకములలో పులియుటకు శాస్త్రీయనామము 'కిణ్వప్రక్రియ'. పరిశోధక విద్యార్థులు తెనాలి, రేపల్లె పల్లెలకు పోయి, తరవాణి కుండ నెఱిగిన వృద్ధస్త్రీల నోట తేట, మడ్డి, నురుగు, పొంగు, పులుపుల భేదములకు గల పలుకుబళ్ళను సేకరింపవలెను. ఆ కుండ నెఱిగినవారు ఏటేట తగ్గుచున్నారు.