క్యారేజ్ రిటర్న్

టైప్ మిషన్ మీద కాగితాన్ని మోస్తూ పక్కకు జరిగే భాగం పేరు క్యారేజ్. వరుస చివర గంట మోగగానే ఎడమచేత్తో మీటను కుడికి నెడితే అది మళ్లీ మొదటికొచ్చేది. అదే రిటర్న్. కాగితం ఒక వరుస పైకి జరగడం లైన్ ఫీడ్. ఆ మీట రెండు పనులూ చేసేది గానీ, టెలిప్రింటర్లకు వేర్వేరు సంకేతాలు పెట్టారు. 1963 నాటి ఆస్కీ అనే సంకేతాల పట్టికలో రిటర్న్‌ది 13, ఫీడ్‌ది 10.

యంత్రం పోయినా అంకెలు మిగిలాయి. ఫైల్లో వరుస ముగించడానికి యూనిక్స్ 10 చాలనుకుంది. డాస్, దాని వెంట విండోస్ 13, 10 రెండింటినీ ఉంచుకున్నాయి. పాత మ్యాక్ 13తో సరిపెట్టుకుంది. ఎవరి లెక్క వారిదే!

విండోస్ ఫైలును లినక్స్‌లో తెరిస్తే ఒక్కోసారి వరుసల చివర టోపీ గుర్తూ, ఎమ్ అక్షరమూ కనిపించేది ఇందుకే. ఇంగ్లిష్‌లో ఎమ్ 13వ అక్షరం మరి. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లోనైతే, దిద్దేటప్పుడు ఎడిటర్ వరుస చివరలను మార్చేస్తే, ఒక్క మాట దిద్దినా ఫైలంతా మారినట్టు కనిపిస్తుంది. దీనికి ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ అనే సెట్టింగ్ ఉంది గానీ, అది ఎవరి కంప్యూటర్లో వారు పెట్టుకోవాల్సిందే. నన్నడిగితే ప్రాజెక్టులోనే గిట్‌అట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, ‘టెక్స్ట్=ఆటో’ అని రాయడం మేలు. అప్పుడు గిట్ లోపల 10 ఒక్కటే దాచుకుంటుంది. షెల్ స్క్రిప్టులకు ‘ఈఓఎల్=ఎల్‌ఎఫ్’ అని విడిగా చెప్పాలి. లేదంటే విండోస్‌లో బయటికి తీసిన స్క్రిప్టును లినక్స్‌లో నడిపితే, మొదటి వరుసలో దాన్ని నడిపే బాష్ పేరుకు 13 అతుక్కుని, అలాంటి ప్రోగ్రామే లేదంటుంది లినక్స్.