తొమ్మిదిన్నర గుణకం: పదో తరగతి మార్కుల తుల్యత చరిత్రలో ఒక ఘట్టం

తెనాలి సమీపంలోని నందివెలుగు వంటి గ్రామాల యువతకు గ్రామీణ డాక్ సేవక్ కొలువు సొంత ప్రాంతంలో దొరికే అరుదైన అవకాశం. దీనికి రాతపరీక్ష లేదు. పదో తరగతి మార్కుల శాతాన్ని నాలుగు దశాంశ స్థానాల వరకు గణించి ప్రతిభా జాబితా రూపొందిస్తారు. వయఃపరిమితి 18 నుండి 40 ఏళ్లు కనుక, రెండు దశాబ్దాల వ్యవధిలో ఉత్తీర్ణులైనవారు ఒకే జాబితాలో చేరతారు.

ఆ వ్యవధిలో కొలబద్దే మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఫలితాలతో గ్రేడ్లు వచ్చాయి. 2022 ఫలితాలు తిరిగి మార్కులతో వెలువడ్డాయి. మధ్యలో అంతర్గత మూల్యాంకనపు 20 మార్కులను తొలగించారు, పదకొండు ప్రశ్నపత్రాలను ఏడుకు కుదించారు, కోవిడ్ వల్ల 2020, 2021 పరీక్షలు రద్దయ్యాయి. ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం, 2022లో 67.26 శాతం. ఈ అంతరంలో విద్యార్థుల సామర్థ్యానిది ఎంత, పరీక్షది ఎంత అన్నది ఈ శాతాలు చెప్పలేవు.

ఆ రెండింటినీ వేరుచేసేదే తుల్యీకరణ. రెండు సంవత్సరాల ప్రశ్నపత్రాల్లోనూ కొన్ని ఉమ్మడి ప్రశ్నలుంచి, వాటిపై ఇరు బృందాల ప్రతిభను పోల్చి, మిగిలిన తేడాను ప్రశ్నపత్రాల కాఠిన్యానికి ఆపాదిస్తారు. అందుకు ఆ ప్రశ్నలు గోప్యంగా ఉండాలి. ఎన్‌సీఈఆర్‌టీ జాతీయ సాధన సర్వేల్లో ప్రశ్న ప్రతిస్పందన సిద్ధాంతాన్ని వాడింది. మన బోర్డు ప్రశ్నపత్రం మాత్రం పరీక్ష ముగియగానే విద్యార్థి చేతిలో ఇంటికి వస్తుంది. దాని ప్రశ్నలు మరుసటి ఏటికి లంగరు కాలేవు.

ఈ లోటును తపాలా శాఖ ఒక గుణకంతో పూరించింది. గ్రేడు పాయింట్లు మాత్రమే ఉన్న ధ్రువపత్రాలకు పాయింట్లను 9.5తో హెచ్చవేయాలని నియమం. ఈ అంకె పుట్టింది సీబీఎస్ఈలో: 91–100 మధ్య మార్కులు పొందినవారి గత ఫలితాల సగటు దాదాపు 95 అని గుర్తించి, దానిని పదితో భాగించారు. ఆ బోర్డు విద్యార్థుల విషయంలో అది సమంజసమైన అంచనాయే. రాష్ట్ర బోర్డు మార్కుల విస్తరణ వేరు. ఇక్కడి సగటును ఇక్కడి దత్తాంశం నుంచే తీయవలసింది. ముతక గుణకానికి నాలుగు దశాంశాల సూక్ష్మత తగిలించడం విచిత్రమే.

పర్యవసానం స్పష్టం. పదికి పది పాయింట్లున్న గ్రేడు కాలపు అభ్యర్థికి గరిష్ఠంగా 95.0000. 600కు 571 తెచ్చుకున్న 2022 అభ్యర్థికి 95.1667. పది పాయింట్లవారందరూ 95 వద్దే గుమిగూడతారు గనుక, వారిలో ఎవరు ముందో పుట్టిన తేదీ నిర్ణయిస్తుంది: వయసులో పెద్దవారికి ప్రాధాన్యం.