నౌకల ఉపగ్రహ సమాచార టెర్మినల్

యుద్ధనౌకకూ భూస్థిర ఉపగ్రహానికీ మధ్య మాటలు, డేటా, చిత్రాలు నడిపించే పరికరాల సముదాయం ఇది. బయటికి కనిపించేది మాస్ట్ దగ్గరుండే గుండ్రటి రేడోమ్ ఒక్కటే. మిగతాదంతా దాని లోపలా, డెక్కు కింది గదుల్లోనూ ఉంటుంది.

భారత నౌకాదళం చాలాకాలం ఇన్‌మార్‌శాట్ సేవల మీద ఆధారపడింది. 2013 ఆగస్టు 30న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్‌పై వెళ్లిన జీశాట్-7తో సొంత ఉపగ్రహం సమకూరింది. 'రుక్మిణి' అని పిలిచే ఈ ఉపగ్రహం యూహెచ్‌ఎఫ్, ఎస్, సి, కేయూ బ్యాండ్లలో పనిచేస్తుంది. 2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 రాకెట్ సుమారు 4,400 కిలోల మరో నౌకాదళ ఉపగ్రహం సీఎంఎస్-03ను పంపింది. పేరు ఉపగ్రహాలకే వస్తుంది గానీ, రోజూ మరమ్మతు అడిగేవి ఓడ మీది భాగాలే.

ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కేయూ బ్యాండులో మీటరు వెడల్పు డిష్ పంపే కిరణం ఒకటిన్నర డిగ్రీకి మించదు. ఓడ చూస్తే ఒరుగుతుంది, ముక్కు ఎత్తి దించుతుంది, దిశ మారుస్తుంది. గురి తప్పితే మన సంకేతం పోవడమే కాదు, పక్క ఉపగ్రహం వాడుకునేవారికీ అంతరాయమే. అందుకని గైరోలు, మోటార్లు ఉన్న పీఠం మీద డిష్‌ను నిలుపుతారు. ఓడ గైరో కంపాస్ నుంచి కూడా దీనికి దిశ అందాలి. అక్కడ తేడా వస్తే యాంటెన్నా భేషుగ్గా ఉన్నా ఉపగ్రహం దొరకదు. కొత్తవాళ్లు డిష్ విప్పి గంటలు పోగొట్టుకునేది ఇలాంటప్పుడే. మాస్ట్ అడ్డొచ్చే దిక్కులు కొన్ని ఉంటాయి కనుక చాలా నౌకలపై రెండు వైపులా రెండు యాంటెన్నాలు పెడతారు. యూహెచ్‌ఎఫ్‌కు ఇంత గురి అక్కర్లేదు, వాన బాధా తక్కువ. కాకపోతే డేటా అంతగా పట్టదు.

కింది గదిలోని మోడెమ్ ఇచ్చే సంకేతం కేబుల్ మీదుగా పైకి వెళుతుంది. బీయూసీ అనే యూనిట్ దాన్ని 14 గిగాహెర్ట్జ్ ప్రాంతానికి పెంచి, బలం చేర్చి డిష్‌కు ఇస్తుంది. వచ్చే బలహీన సంకేతాన్ని ఎల్ఎన్‌బీ అనే మరో యూనిట్ అందుకుంటుంది. తిరిగే పీఠానికీ కదలని మాస్ట్‌కూ మధ్య రోటరీ జాయింటు, స్లిప్ రింగులు ఉంటాయి. అరుగుదల ఎక్కువగా వీటికే.

అసలు శత్రువు ఉప్పుగాలి. కేబుల్ కనెక్టరుకు చుట్టిన టేపు ఎక్కడో కాస్త వదులైతే చాలు, తేమ అల్లిక తీగ వెంట లోపలికి పాకుతుంది. విప్పి చూస్తే రాగి మీద పచ్చటి చిలుము. పైకి లోపమేమీ కనిపించదు, సంకేతం మాత్రం రోజురోజుకూ నీరసిస్తుంది. అప్పుడు కనెక్టరు ఒక్కటి మారిస్తే చాలదు, చెడిన మేరకు కేబుల్‌నూ కోసెయ్యాలి.

అమెరికా నౌకాదళంలో ఇలాంటి మరమ్మతులు చేసేవారి హోదా ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్, 1948 నుంచీ అదే పేరు. భారత నౌకాదళంలో ఎలక్ట్రానిక్ పరికరాల నిర్వహణ ఎలక్ట్రికల్ విభాగానిది. ఆ విభాగం శిక్షణ కేంద్రం జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సురా. సముద్రంలో ఉండగా పాడైన యూనిట్‌ను మొత్తంగా మార్చేస్తారు, కార్డు స్థాయి మరమ్మతు చాలావరకు రేవుకు చేరాకే. ఓడ దశాబ్దాల పాటు తిరుగుతుంది, దానిలోని చిప్పుల తయారీ అంతకు ముందే ఆగిపోతుంది. విడిభాగాలకు కటకట అక్కడ మొదలవుతుంది. కొన్నిసార్లు రేవులో ఆగి ఉన్న మరో ఓడ నుంచి భాగం విప్పి తెచ్చుకోవలసి వస్తుంది.

మాస్ట్ ఎక్కేముందు ట్రాన్స్‌మిటర్లు, రాడార్లు ఆపించి, స్విచ్చుల దగ్గర హెచ్చరిక ట్యాగు తగిలించడం తప్పనిసరి. ఆ ట్యాగును కిందికి దిగిన తర్వాతే తీస్తారు.