ఇంగ్లాండు స్త్రీల ఫుట్‌బాల్ లీగు

జాతీయ లీగు ఒకటి నడువవలెనన్న నేర్పుగల ఆటగత్తెలు ఉండవలెను. టిక్కెట్టు కొని చూచు జనము ఉండవలెను. ఆ జనము కూర్చుండుటకు తగిన మైదానములు ఉండవలెను. ఇంగ్లాండు స్త్రీలకు మొదటి రెండును 1920 నాటికే సమకూడినవి. అయినను వారి జాతీయ లీగు 1991 వరకు ఆరంభము కాలేదు. ఈ జాప్యమునకు కారణము మూడవదానియందు కలదు.

మొదటి ప్రపంచ యుద్ధమునకు పురుషులు తరలిపోగా మందుగుండు కర్మాగారములలో స్త్రీలు పనికి కుదిరిరి. ప్రెస్టన్ పట్టణములోని డిక్-కెర్ కంపెనీ అట్టిదే. అందలి యువతులు విరామవేళల బంతి తన్నుట చూచి, ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ అను ఆఫీసు ఉద్యోగి వారిని జట్టుగా కూర్చెను. 1917 క్రిస్మస్ నాడు డీప్‌డేల్ మైదానమున వారాడిన పోటీకి పదివేలమంది వచ్చిరి. వసూలైన సొమ్ము గాయపడిన సైనికుల ఆసుపత్రికి చేరినది.

అటుపై ఈ జట్టు పేరు దేశమంతట మారుమ్రోగినది. సెయింట్ హెలెన్స్‌నుండి వచ్చిన లిలీ పార్ అను పిల్ల యెడమకాలితో కొట్టు దెబ్బకు గోలు కాపరులు బెదరెడివారు. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో సెయింట్ హెలెన్స్ జట్టుతో జరిగిన పోటీని 53,000 మంది చూచిరి. చోటు చాలక వేలమంది గేటువద్దనుండియే వెనుదిరిగిరి. ధర్మకార్యములకు మూడువేల పౌనులకు పైగా పోగైనది. మరుసటి సంవత్సరము బొగ్గుగనుల లాకౌటు వచ్చినపుడు, పస్తులున్న కార్మిక కుటుంబముల సహాయార్థము కూడ ఈ స్త్రీలు ఆడిరి.

1921 డిసెంబరు 5వ తేదీన పురుషుల ఆటను శాసించు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక తీర్మానము చేసినది. ఈ ఆట స్త్రీలకు తగినది కాదనియు, వసూలైన సొమ్ములో ఖర్చుల పద్దు మితిమీరినదనియు అందలి మాటల సారాంశము. సైనికులకొరకు ఆడినంతకాలము తగియుండిన ఆట యుద్ధము ముగిసిన మూడేండ్లకు తగనిదెట్లయ్యెనో మాకు బోధపడదు. ఆ తీర్మానము స్త్రీలను ఆడవద్దని శాసింపలేదు. తన క్రింది క్లబ్బులను తమ మైదానములు వారికి ఈయవద్దని మాత్రమే కోరినది. దెబ్బ తగిలినది అచ్చటనే. గోడయు గేటును గల స్థలములలో పెక్కు ఆ క్లబ్బులవే. గేటు లేనిచోట టిక్కెట్టు లేదు. టిక్కెట్టు లేనిచోట జట్టును ఊరూరికి త్రిప్పు ఖర్చు ఎచ్చటనుండి వచ్చును? ఆటను చంపకయే లీగు పుట్టకుండ చేసిన ఉపాయమిది.

స్త్రీలు మానుకొనలేదు. ఆ నెలలోనే తమకొక సంఘమును స్థాపించుకొనిరి గాని అది అచిరకాలమున అంతరించినది. డిక్-కెర్ జట్టు 1922లో అమెరికాకు పోయి పురుషుల జట్లతో ఆడి వచ్చినది. తరువాత పార్కులలోను, ఊరిబయట పొలములలోను ఆడుచు పేరు మార్చుకొని 1965 వరకు నిలిచినది. లిలీ పార్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచు 1951 వరకు బంతి విడువలేదు. మనవంటి రేడియో కుటుంబములు గమనింపదగిన విషయమొకటి కలదు. బి.బి.సి. తొలిసారి ఫుట్‌బాల్ పోటీని మైదానమునుండి ప్రసారము చేసినది 1927 జనవరిలో. మైక్రోఫోను ఆ గేటు దాటునప్పటికే స్త్రీలు గేటు వెలుపల నుండిరి.

1969లో మహిళా ఫుట్‌బాల్ సంఘము ఏర్పడినది. 1971 నాటికి నిషేధము తొలగినది. కప్పు పోటీ తొలి ఫైనలు ఆ యేడే జరిగినను, జాతీయ లీగుకు మరి ఇరువదియేండ్లు పట్టినది. 1991లో ఇరువదినాలుగు క్లబ్బులతో అది ఆరంభమైనది. మొదటి సంవత్సరము ఆడిన పదునాలుగు పోటీలును గెలిచి డాన్‌కాస్టర్ బెల్స్ విజేతలైరి. పురుషుల పోటీల విరామమున లాటరీ టిక్కెట్లు అమ్ము స్త్రీలు 1969లో స్థాపించుకొన్న జట్టది.

నిషేధించిన అసోసియేషనే తుదకు ఈ లీగును తన చేతిలోనికి తీసికొని, 2011 ఏప్రిలులో ఎనిమిది క్లబ్బులతో ‘ఉమెన్స్ సూపర్ లీగ్’ నెలకొల్పినది. లండను శివారులోని ఒక చిన్న మైదానమున ఆర్సెనల్, చెల్సీ జట్లు ఆడిన తొలి పోటీకి వచ్చినవారు 2,510 మంది. ప్రవేశము ఆటలోని గెలుపుతోగాక లైసెన్సుతో నిర్ణయమయ్యెడిది. 2013లో సీజను మొదలై ఒక్క పోటీ ముగిసినంతనే, మరుసటి యేడు క్రింది శ్రేణికి దిగవలసినదని డాన్‌కాస్టర్ బెల్స్‌కు తెలిపిరి. పై శ్రేణిలో చోటు ధనికమైన మాంచెస్టర్ సిటీకి దక్కినది. హంగులు, ధనము లీగుకు అవసరమే. కాని మైదానము లేని దినములలో ఆటను మోసినవారికి జరిగిన ఈ మర్యాద మాకు రుచింపలేదు.

2018నుండి పై శ్రేణి క్లబ్బులన్నియు ఆటనే వృత్తిగా గల క్రీడాకారిణులతో నడుచుచున్నవి. క్రమముగా పెద్ద స్టేడియముల గేట్లును తెరచుకొనినవి. 2023 డిసెంబరు 10వ తేదీన లండనులోని ఎమిరేట్స్ స్టేడియమున అదే ఆర్సెనల్, అదే చెల్సీ జట్లు ఆడిన లీగు పోటీని 59,042 మంది చూచిరి. గుడిసన్ పార్కునాటి లెక్కను అది దాటినది.