కాగు అడుగున పేరిన రాయి

గుంటూరు, ప్రకాశం మెట్టగ్రామములలో స్నానమునకు నీళ్ళు కాచు రాగికాగును ఎరుగని పెద్దలు ఉండరు. దొడ్డిలో పొయ్యిమీద కాగును కదలకుండ అమర్చి, పత్తికట్టె, మిరపకట్టె మండించి నీళ్ళు కాచెడివారు. నేడు పెక్కు ఇండ్లలో దాని స్థానమును విద్యుత్ హీటరు, కొన్నిచోట్ల వేడినీటి స్నానపుతొట్టి ఆక్రమించినవి. సాధనము మారినది గాని దాని జబ్బు మారలేదు. కొన్నాళ్ళకు నీళ్ళు త్వరగా కాగవు. లోపల గురగుర శబ్దము వినవచ్చును. గొట్టములో ధార సన్నగిల్లును. విప్పి చూచినచో తెల్లని రాయివంటి పెచ్చు కనబడును. ఈ పెచ్చు ఎక్కడనుండి వచ్చినది?

ఒకే రాయి, పలు రూపములు

పల్నాటి నేలక్రింద సున్నపురాయి విస్తారముగా కలదు. క్రీ.శ. 3, 4 శతాబ్దములలో, ఇక్ష్వాకుల కాలమున, నాగార్జునకొండ శిల్పులు ఈ రాతినే చెక్కిరి. అచ్చటి త్రవ్వకములలో శిల్పములతోపాటు స్నానఘట్టము, కోనేరులు కూడ బయల్పడినవి. పిడుగురాళ్ళ బట్టీలలో సున్నపురాతినే కాల్చి సున్నము చేయుదురు. అట్టి రాయియే నూతినీటిలో కరగి మన కాగులోనికి వచ్చుచున్నది.

రాయి నీటిలో కరగుట ఎట్లు? ఈ చిక్కును విప్పినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ కావెండిష్. లండనులోని రాత్‌బోన్ ప్లేస్ పంపునీటిని పరీక్షించి 1767లో ఆయన తన ఫలితములను ప్రకటించెను. ఆ నీటిని కాచగా ఒక వాయువు వెడలిపోయి, సున్నపుమన్ను అడుగున దిగెను. ఆ వాయువే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. వాననీరు నేలలో ఇంకునపుడు ఈ వాయువును తనలో చేర్చుకొని సున్నపురాతిని కరగించును. కాచినపుడు వాయువు పోవును, రాయి మరల రాయియగును. ఇట్టి నీటినే కఠినజలము అందురు.

నష్టము, నివారణ

సున్నపు పెచ్చు రాగిలో నూరవవంతు వేడినైనను ప్రసరింపనీయదు. అందుచే కట్టెలు ఎక్కువ కాలును, కరెంటు ఎక్కువ ఖర్చగును. అంతేగాదు, నీటి స్పర్శ దూరమైన లోహము మితిమీరి వేడెక్కును. కాగుకు వేసిన మాటు ఊడుటకు, హీటరు చుట్ట కాలిపోవుటకు ఇదియొక కారణము.

ఉలితో కొట్టి పెచ్చు తీయుట కూడదు. అట్లు చేసిన లోహమునకే చిల్లి పడవచ్చును. నిమ్మరసముగాని వెనిగరుగాని కలిపిన నీటిలో కొంతసేపు నాననిచ్చినచో అది బుడగలతో కరగును. కావెండిష్ చూచిన వాయువే ఈ బుడగలలో పైకి వచ్చుచున్నది! పిమ్మట పాత్రను బాగుగ కడుగవలెను. విద్యుత్ సాధనమైనచో ముందుగా కరెంటు తీసివేయవలెను.

1841లో స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ క్లార్క్ మరొక ఉపాయము కనిపెట్టెను. కఠినజలములో తగినంత తడిసున్నము కలిపినచో అది మిగులు వాయువును పట్టుకొనును. అప్పుడు కరగియున్న రాయి కాచకయే అడుగున దిగును. సున్నముతోనే సున్నమును తీయుట వింతగా తోచినను, ఈ సూత్రమును నీటిశుద్ధి కర్మాగారములలో నేటికిని వాడుచున్నారు.

మన స్త్రీలు ఈ చిక్కును వేరొక దారిన దాటిరి. ఉప్పునీటిలో సబ్బు విరిగి తెల్లని తెట్టెగా తేలును. కుంకుడురసములోని సపోనినులు సున్నముతో కలిసి అట్లు విరుగవు. కనుకనే ఆ నూతినీటిలోనే తలంటి సుఖముగా సాగినది.

కంటికి కనబడని శత్రువు

పెచ్చు కట్టని నీరు మంచినీరని తలచుట మాత్రము ప్రమాదము. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నెల్లూరు జిల్లా గ్రామములలో పళ్ళు గారపట్టి, వెన్నెముక బిగిసి వంగినవారిని పరీక్షించి, ఆ వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని తెలిపిరి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు ఆనాడు ఆ జిల్లాలోనివే. 1970లో అవి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. అదియే తరువాత ప్రకాశం జిల్లా అయినది.

సున్నము హెచ్చుగానున్న నీటిలో ఫ్లోరైడు సామాన్యముగా ఎక్కువగా నిలువదు, ఆ రెండును కలిసి కరగని పదార్థమగును. కనుక కాగులో పెచ్చు కట్టని నీటిలోనే ఫ్లోరైడు అధికముగా ఉండవచ్చును. కాచుటచే అది పోదు. పైగా నీరు ఆవిరియై తగ్గినకొలది దాని పాలు హెచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టినది. 1970 దశకమున నాగపూరు శాస్త్రజ్ఞులు పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు విధానమును రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతియని పేరు.

స్నానపునీటికి కాగు అడుగు చూచిన చాలును. త్రాగునీటికి అది చాలదు. కొత్త బోరు వేసినవారు ఆ నీటిని ముందుగా పరీక్షకు పంపవలెను. కంటికి కనబడు పెచ్చు కట్టెలను తినును, కనబడని ఫ్లోరైడు ఎముకలను తినును.