రాగిరేకు మీద గోల్ఫు

కోనసీమవాడికి గోల్ఫు బొమ్మలెందుకని మిత్రులు నన్ను తరచు వేళాకోళం చేస్తుంటారు. అమలాపురం చుట్టూ కొబ్బరితోటలూ వరిచేలే గాని ఆ ఆటకు చోటెక్కడ? పైగా నేను పోగుచేసేవి అసలు ప్రతులు కావు. అంత స్తోమత నాకు లేదు. పాత పుస్తకాలలో వచ్చిన పునర్ముద్రణలే. భూతద్దం పెడితే అచ్చు చుక్కలు బయటపడతాయి. రాగిరేకుతో ఒత్తిన అసలు ప్రతిలో ఆ చుక్కలుండవు. బొమ్మ చుట్టూ రేకు అంచు దిగిన పల్లం వేలికి తగులుతుంది.

నన్ను ఈ వ్యసనంలోకి దింపినది రెంబ్రాంట్ 1654లో చేసిన ఎచింగు. మన పోస్టుకార్డంత ఉంటుంది. ముందు ఒకడు మోచేయి ఆనించి, తీరికగా కూర్చున్నాడు. వెనుక కర్ర పట్టిన ఆటగాడు. ఆ డచ్చి ఆట పేరు కోల్ఫ్. గోల్ఫుకు అదే మూలమని కొందరు, కాదని కొందరు. స్కాట్లాండు పార్లమెంటు 1457లోనే, విలువిద్యకు అడ్డమని గోల్ఫును నిషేధించింది గనుక, ఆ పేచీ తేలేది కాదు.

నన్ను పట్టుకున్నది వేరు. ఆ డచ్చివారే 1605లో మచిలీపట్నం రేవుకు వచ్చారు. ఆ తరువాత పాలకొల్లు, ద్రాక్షారామాలలోనూ వర్తక స్థావరాలు పెట్టారు. రాజోలు వైపునుంచి సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం, ఆపైన పాలకొల్లు. ఇటు ముక్తేశ్వరం నుంచి గౌతమి దాటితే కోటిపల్లి, ఆపైన ద్రాక్షారామం. అంటే మా సీమకు రెండువైపులా వారే! తెలుగు తీరపు నేతబట్టలను తూర్పుదీవులకు మోసి, అక్కడ సుగంధద్రవ్యాలు కొన్నారు. రెంబ్రాంట్ బొమ్మలోని ఆ తీరికకు మన మగ్గాలు కొంత వెల చెల్లించాయని నేననుకుంటాను. ఆ చిత్రకారుడే కొద్ది ఏళ్ళకు మొగలాయి చిత్రాలను చూసి ఇరవైకి పైగా నకళ్ళు గీశాడు. 1686లో గోల్కొండలో తయారైన చిత్రాల సంపుటమొకటి ఆమ్‌స్టర్‌డాం పెద్దమనిషి విట్సెన్ చేతికి చేరింది. అప్పుడు మా గోదావరి సీమ గోల్కొండ ఏలుబడిలోనిదే. ఇక్కడి డచ్చి స్థావరాలు 1824 ఒప్పందంతో ఆంగ్లేయుల పరమయ్యాయి.

ఆంగ్లేయుల బొమ్మలలో పేరున్నది "బ్లాక్‌హీత్ గోల్ఫర్". ఆబట్ వేసిన వర్ణచిత్రాన్ని వాలెంటైన్ గ్రీన్ 1790లో మెజోటింటుగా మలిచాడు. రేకునంతా ముందు గరుకుచేసి, వెలుగు కావలసిన చోట నునుపు చేయడం ఆ పద్ధతి. ప్రతులు తీసేకొద్దీ గరుకు అరిగిపోతుంది గనుక తొలి ప్రతులకే గిరాకీ. విలియం ఇన్నెస్ అనే దొర భుజాన కర్రతో దర్జాగా నిలిచాడు. వెనుక కర్రలు మోసే ముసలి నావికుడి జేబులోంచి సీసా తొంగిచూస్తుంటుంది. నాకు దొరకంటే అతడే ఇష్టుడు.

అసలు వర్ణచిత్రం 1857 తిరుగుబాటులో మన దేశంలోనే కాలిపోయిందని ఒక కథనం ఉంది. అది నిజమైనా కాకున్నా, ఇన్నెస్‌నూ ఆ ముసలివాణ్ణీ నేడు లోకం ఎరిగినది గ్రీన్ చెక్కిన రేకు వల్లనే.

నా అట్టపెట్టెలో మన బిళ్ళంగోడు బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు. రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఎవరి అటకమీదనైనా అటువంటి పాత చిత్తరువు ఉంటే, దయచేసి తెలుపగలరు. అరువుగా ఇచ్చినా చాలు, నకలు తీసుకొని భద్రంగా తిరిగి పంపుతాను.