న్యాయవాదుల ఫీజు: కక్షిదారులు తెలుసుకొనవలసిన పరిమితులు

హైదరాబాద్: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలలో ఇంటి అద్దె, అడ్వాన్సు సొమ్ము, ఆస్తి పంపకం, రోడ్డు ప్రమాద నష్టపరిహారం వంటి వ్యవహారాలపై న్యాయవాదులను ఆశ్రయించే పౌరులు ఫీజు విషయమై ఈ క్రింది అంశాలను గమనించవలసి ఉన్నది.

న్యాయవాది కక్షిదారు నుండి ఇంతకు మించి తీసుకొనరాదని అన్ని కేసులకు వర్తించే గరిష్ఠ మొత్తాన్ని నిర్ణయించిన చట్టం దేశంలో లేదు. కోర్టు నిబంధనలలోని ఫీజు పట్టికలు ప్రధానంగా, ఓడిన పక్షం గెలిచిన పక్షానికి చెల్లించవలసిన ఖర్చులను లెక్కకట్టుటకు ఉద్దేశింపబడినవి. అయితే ఫీజు ఏ రూపంలో ఉండరాదో స్పష్టమైన నిషేధం కలదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 20వ నియమం ప్రకారం, కేసు ఫలితంపై ఆధారపడిన ఫీజును కుదుర్చుకొనుట గాని, రాబడిలో వాటాకు అంగీకరించుట గాని కూడదు. గెలిచిన తరువాతనే ఇవ్వండి, వచ్చిన దానిలో ఇంత శాతం చాలును అనే మాట ఎంత ఉదారంగా వినిపించినా ఈ నిషేధం పరిధిలోనిదే. అమెరికాలో గాయాల నష్టపరిహార కేసులలో ఇటువంటి ఒప్పందాలు చెల్లుతాయి గనుక, అక్కడి బంధువుల సలహా ఇక్కడ పనికిరాదు.

తెలంగాణకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 5న ఈ విషయాన్ని తేటతెల్లం చేసినది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను కోల్పోయిన మహిళకు నష్టపరిహారం లభించిన పిమ్మట, ఆమె న్యాయవాది ఫీజు నిమిత్తం 2014లో 3 లక్షల రూపాయల చెక్కు పొందారు. అది చెల్లకపోవడంతో ఆమెపై చెక్కు కేసు దాఖలైనది. పరిహారంలో శాతంగా ఫీజు కోరుట వృత్తి ధర్మానికి, ప్రజాహితానికి విరుద్ధమని న్యాయస్థానం ఆ కేసును కొట్టివేసినది. చెక్కుపై సంతకం చేసినంత మాత్రాన ఫీజు బాకీ ఋజువైనట్లు కాదని కూడా పేర్కొన్నది.

ఫీజు బాకీ ఉన్నదనే కారణంతో కేసు కాగితాలను న్యాయవాది అట్టిపెట్టుకొనరాదని 2000లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వేరొక న్యాయవాదిని నియమించుకొనే హక్కు కక్షిదారుకు కలదు. కక్షిదారు సొమ్ముకు న్యాయవాది లెక్క వ్రాయవలెను. ఏది ఫీజు, ఏది ఖర్చు అన్నది అందులో తెలియవలెను. నకలు ఖర్చు చెల్లించి ఆ లెక్క ప్రతిని అడిగి పొందవచ్చును. వకాలతుపై సంతకం చేసేనాడే ఫీజును కాగితంపై వ్రాయించుకొనుట మేలు.

మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు 1987 చట్టం క్రింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. వివరాలకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చును. వృత్తి దుష్ప్రవర్తనపై ఫిర్యాదులను 1961 న్యాయవాదుల చట్టం 35వ సెక్షను క్రింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు సమర్పించవలెను.